తెల్లదారం కట్టిన గమ్ము

ఇన్నాళ్ళూ నేనేమీ రాయలేదు, అక్షరాలు వచ్చేవి కావు గనుక. పెద్దపంజాణి పక్క పల్లెలో పుట్టాను. ఇంట్లో చెనక్కాయలు ఒలిచేదానికి చేతులు కావాలి కాబట్టి నన్ను బడికి పంపలేదు. యాభై దాటాకే పలక పట్టాను.

పుంగనూరులో మాకు కెమెరాలు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. మా ఆయన కళ్ళకు పొర కమ్మాక సన్న పని నా చేతికొచ్చింది. గమ్ము ట్యూబుల మీది రాత నాకు తెలియదని ఆయన వాటికి దారాలు కట్టి పెట్టాడు. ఎర్రదారం చుక్క గమ్ముకు. అది క్షణంలో పట్టుకుంటుంది. తెల్లదారం రెండు ట్యూబుల గమ్ముకు. సమానంగా కలిపి పూసి, గట్టిపడేదాకా ఒక రాత్రి ఆగాలి.

ఒక మధ్యాహ్నం కుప్పం నుంచి ఒక అమ్మాయి లెన్సు తెచ్చింది. ముందరి ప్లాస్టిక్ రింగు పగిలి అద్దం ఊగుతోంది. ఆమెకు ఉన్నది ఆ లెన్సు ఒక్కటే. మొదటిసారి ఒక పెండ్లికి ఫోటోలు తీసేదానికి ఒప్పుకుంది.

"చుక్క గమ్ము ఏసి ఇచ్చేయక్కా. రేప్పొద్దున పది గంటలకు ముహూర్తం ఉండాది."

ఆ పిల్ల ముఖం చూసి ఎర్రదారం ట్యూబు మూత తీశాను. కళ్ళు కనపడకున్నా ఆయనకు వాసన తెలిసింది.

"యాల తీస్తాండావు దాన్ని? మదనపల్లె లెన్సు మర్సిపోయినావా?"

మరిచిపోలేదు. అంతకుముందు మదనపల్లె ఫోటో స్టూడియో వాళ్ళ లెన్సుకు ఆ గమ్మే పూసి, డబ్బాలో పెట్టి మూసేశాను. తెల్లారి చూస్తే దాని ఆవిరి అద్దమంతా పట్టి, విబూది పూసినట్టు తెల్లగా ఉంది. ఎంత తుడిచినా పోలేదు.

"అది ఏస్తే పెండ్లికొడుకు పొగమంచులో నిలబడినట్ట పడతాడు, పాపా," అన్నాడాయన.

"మా పెండ్లికొడుకు రంగుకు పొగమంచే మేలన్నా," అంది ఆ పిల్ల. నవ్వబోయింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు బస్సెక్కు. పొద్దున్నే మంటపానికి నేనే తెస్తా," అన్నాను.

పగిలిన అంచును ఉప్పుకాగితంతో మెల్లగా గీరాను. ఎవరూ తీసుకుపోని పాస్‌పోర్టు ఫోటో వెనక తెల్లదారం ట్యూబులు రెండింటి గమ్మూ పుల్లతో కలిపాను. ఆయన పక్కనే కూర్చుని, "ఇంగా కలుపు, సారలు పోవల్ల," అంటూనే ఉన్నాడు. గమ్ములో నాకు కనిపించే ఆ కలవని చారలు ఆయనకెట్లా తెలిసేవో. రింగు అతికించి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, మూత పెట్టకుండా కిటికీలో ఉంచాను. ఆ అంగడి ఇప్పుడు లేదు. ఆయన గొంతు, ఆ గమ్ము ఘాటు మాత్రం ఇంకా నాతో ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఫోటో వెనక మిగిలిన గమ్మును గోటితో నొక్కాను. గోరు దిగలేదు. లెన్సును పైటకొంగులో చుట్టుకుని మొదటి బస్సుకు కుప్పం పోయాను. మంటపం గడపలో ఆ పిల్ల చేతికిచ్చి, ఆమె తీసిన మొదటి ఫోటో మంచు లేకుండా పడిందని కళ్ళారా చూసేదాకా అక్కడే నిలబడ్డాను.