వార్నిషు వేసిన బండిగుర్రం

నాకు గుర్రపు బొమ్మల పిచ్చి ఉందని మా చర్చిలో అందరికీ తెలుసు. ఆడవాళ్ల కూడికలో ఒక పెద్దమ్మ కనిపించినప్పుడల్లా అడుగుతుంది: "ఏటే, ఇంకా బొమ్మలాటేనా? నీ ఈడోళ్ల పిల్లలు కాలేజీకెల్తన్నారు." అవి ఆడుకునే బొమ్మలు కావని, కంపెనీ వేసిన రంగు గీకేసి, నిజం గుర్రంలా కనబడేట్టు మళ్లీ రంగులద్ది పోటీలో నిలబెడతామని చెప్పి చెప్పి విసిగిపోయాను. ఇప్పుడు అడిగితే నవ్వి, ఆవిడ తెచ్చిన కేకులో ఇంకో ముక్క తీసుకుంటాను.

మా ఇల్లు బెంగాల్లో, లిలువాలో. నాన్న రైలు పెట్టెల వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆఖరున వార్నిషు పడితేగాని ఏ పెట్టే గేటు దాటదట. అదే చట్టం మా ఇంట్లోనూ నడిచింది. మంచం కోళ్లు, బైబిలు పెట్టుకునే స్టాండు, ఊరగాయ జాడీ చెక్కమూత, అన్నీ తళతళలాడుతుంటాయి.

పోయినేడు అమ్మ పోయింది. ఆ తర్వాత నాన్న బ్రష్షు ముట్టుకోలేదు. క్రిస్మస్‌కి చర్చి గుమ్మం మీద వాక్యం రాసేది ఎప్పుడూ ఆయనే. పెద్దలు వచ్చి అడిగితే, "సెయ్యి ఒనుకుతంది బాబూ, ఇంకెవుల్నైనా సూసుకోండి" అన్నాడు. చెయ్యి వణకడం లేదని నాకు తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తుండేవాడు.

ఈ ఏడు మా గుర్రపు బొమ్మలవాళ్లం భవానీపూర్‌లో చిన్న హాలు మాట్లాడుకుని పోటీ పెట్టుకున్నాం. నేను బండిగుర్రాన్ని చేశాను. మైదాన్ పక్కన షికారు బండికి కట్టే గుర్రమే నాకు నమూనా. డొక్కలు తేలి, మెడ దగ్గర పట్టెడ ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయిన గుర్రం. ఆఫీసు అయ్యాక వెళ్లి దాని ముందు నిలబడేదాన్ని. బండాయన నేను ఎక్కుతానేమోనని ఆశపడి, ఊరికే చూసిపోయే బాపతని తెలిశాక మొహం తిప్పుకునేవాడు. వీపు మీద పరిచే గుడ్డకు మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర పీలికలు ఏరుకొచ్చాను. సుద్దరంగుల పొడి అద్ది అద్ది, రోజంతా రోడ్డు మీద తిరిగిన గుర్రానికి పట్టే దుమ్ము తెచ్చాను. ఆ దుమ్ము నా ప్రాణం. పోటీలో మొదట కాళ్లు చూస్తారు, తర్వాత కండ, ఆ తర్వాత ఒంటి మీది వెంట్రుక. బొమ్మ జిగేల్‌మందంటే అది ప్లాస్టిక్కని ఇట్టే దొరికిపోతుంది.

పోటీ ముందురోజు పాటల ప్రాక్టీసు చూసుకుని ఇంటికి వస్తుంటే మెట్ల మీదే వార్నిషు వాసన కొట్టింది. లోపల నాన్న పేపరు పరుచుకుని కూర్చున్నాడు. నా గుర్రం అప్పుడే చెరువులోంచి లేచొచ్చినట్టు నిగనిగలాడుతోంది.

"పైకోటు మర్సిపోనావమ్మా. రేపు బయటికెల్లే సరుకు, అలాగొదిలేస్తారేటి? నానేసీసినాను" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

నాకసలే ముక్కు మీద కోపం. మాట పెదవిదాకా వచ్చింది. వార్నిషు తీస్తే కింద రంగూ ఊడివస్తుంది, మళ్లీ చేసుకునే వ్యవధి లేదు. అప్పుడు ఆయన వేళ్లకంటిన మరక కనబడింది. అమ్మ పోయాక ఇదే మొదటిసారి. నేనిప్పుడు నోరు జారితే ఆ బ్రష్షు అటకెక్కుతుంది, ఇక జన్మకి దిగదు.

"బాగుంది నాన్నా" అన్నాను. వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరిగే నెపంతో కావలసినంత ఏడ్చుకున్నాను.

మర్నాడు ఆరాధన కాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని తనూ బయల్దేరాడు. వద్దనలేక గుర్రం పెట్టె ఆయన చేతికిచ్చాను. పోటీకి మార్కులు వేసే బెంగాలీ దీదీ మొహమాటం ఎరగని మనిషి. నా గుర్రం చుట్టూ తిరిగి కాళ్లు మెచ్చుకుంది, పట్టెడ ఒరిపిడి దగ్గర ఆగి "వాహ్" అంది. ఆ తర్వాత, "ఇంత పని చేసి పైన వార్నిషు ఎవరు పోశారు? మొత్తం పాడుచేశారు" అంది.

అన్నది బెంగాలీలోనే. కానీ బతుకంతా లిలువాలో గడిపిన మనిషికి అది అర్థం కాకుండా ఎలా ఉంటుంది? నాన్న నా వెనకే నిలబడి ఉన్నాడు. "నేనే దీదీ, తొందరపడ్డాను" అన్నాను గబగబా.

నాన్న నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చాడు. "కాదు దీదీ, వార్నిషు నాది. వర్క్‌షాపు చెయ్యి. ఎండకీ వానకీ రంగు కదలదు" అన్నాడు బెంగాలీలో.

"కదలదు బాబాయ్ గారూ, నిజమే. బహుమతి మాత్రం ఇవ్వలేను" అందావిడ. రిబ్బను పక్క బల్ల మీది గుర్రానికి వెళ్లింది.

తిరుగు దారిలో లోకల్ రైల్లో నాన్న బయటికే చూస్తూ కూర్చున్నాడు. అయిపోయింది, ఇక మళ్లీ కిటికీయే అనుకున్నాను. లిలువా వస్తుండగా నా వైపు తిరిగాడు.

"నా పని నీ పేరున సెప్పుకున్నావేటి?"

"ఆవిడ నిన్నేమైనా అంటుందని నాన్నా."

"అంటే అననీ. మీ యమ్మ అననేదేటి? నానేది సేసినా వొంక పెట్టి తిట్టీది. ఆ తిట్టీ మనిసే నేక కదా సెయ్యాడక కూకున్నాను." ఒళ్లో పెట్టెను సర్దుకున్నాడు. "నిన్న నీకు నచ్చనేదు. నాకు తెల్దేటి? తిట్టొచ్చు కదా."

రైలు దిగాం. ప్లాట్‌ఫారం మీదే మొదలుపెట్టాను. బుర్ర ఉన్నవాడెవడైనా దుమ్ము మీద వార్నిషు పూస్తాడా, అడగాలని తెలీదా, నా కష్టమంతా బూడిదలో పోశావు కదా అని గొంతెత్తి కడిగేశాను. జనం ఆగి చూశారు. నాన్న గుర్రం పెట్టెను గుండెలకు హత్తుకుని, ఒక్క మాటా పోకుండా వినడానికన్నట్టు నా పక్కనే నడిచాడు.