ఇతర కాగితాలు

పాత రికార్డుల ఆఫీసులో ఆ గుమాస్తాని అందరూ జాబితా మాస్టారంటారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక్క చూపుడువేలితోనే కంప్యూటర్లో వెతికిపెడతాడు. "మనిషి పేరు కొడితే రాదండీ, ఆఫీసు పేరూ సంవత్సరమూ కొట్టాలి" అంటాడు ఎవరొచ్చినా. జైల్లో పోయిన అన్నయ్య రాసుకున్న అర్జీ కోసం ఒకావిడ నాలుగు రోజులుగా తిరుగుతోంది. ఆయన జైలు పేరు, సంవత్సరం కొట్టాడు. ఒక్క వరుసే వచ్చింది: "ఇతర కాగితాలు, నలభై కట్టలు."

"ఇంత బద్ధకంగా రాసిందెవరండీ?" అందావిడ.

ఆయన వేలు ఆగిపోయింది. "నేనేనమ్మా. ఇరవై ఏళ్లయింది. కట్టలు విప్పకుండానే రాసేశాను."

ఆయనే కట్టలన్నీ మోసుకొచ్చి, పక్కన కూర్చుని విప్పాడు. సాయంత్రానికి పదకొండయ్యాయి. అర్జీ దొరకలేదు.

"రేపు తొమ్మిదింటికల్లా రండమ్మా" అన్నాడు, ఆవిడ ముఖంలోకి చూడలేక.