ప్రాంప్టింగ్ లేని సీను

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. పరిషత్తు నాటకాల్లో నేనే దయ్యం వేషం వేసి, తెర వెనక బీడీ కాల్చుకున్నవాణ్ణి. అందుకే ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

తెనాలిలో నాటకాలు వేసే రోజుల్లో నా భార్య సుశీల సైడు కర్టెన్ చాటున నిలబడి ప్రాంప్టింగ్ ఇచ్చేది. నేను ఎక్కడైనా ఆగితే చిన్నగా దగ్గి, తర్వాతి మాట ఒక్కటే అందించేది. తర్వాత హైదరాబాద్ వచ్చి, టీవీ సీరియళ్ళలో తండ్రి వేషాలకు కుదురుకున్నాను. అక్కడ డబ్బింగ్ తర్వాత చెప్పుకుంటాం కాబట్టి, షూటింగులో అసిస్టెంట్ డైలాగు పైకే చదువుతాడు, మనం వెనకాలే అనేస్తాం. అలా నా జ్ఞాపకశక్తికి తుప్పు పట్టింది.

సుశీల పోయిన మరుసటి ఏడు ఒక వెబ్ సిరీస్‌లో మంచి పాత్ర వచ్చింది. రాయదుర్గంలో ఖాళీగా ఉన్న ఆఫీసు అంతస్తులో, ఆదివారం షూటింగ్. గొంతు అక్కడికక్కడే రికార్డు చేస్తారట, ప్రాంప్టింగ్ ఉండదట. ఇది చెడగొట్టుకుంటే నన్నింక ఎవరూ పిలవరు. బోరబండలో నా అద్దె గదిలో, రోజూ సుశీల ఫోటో ముందు కూర్చుని డైలాగులు పైకి చదివాను. వినడానికి ఇంకెవరున్నారు?

ఆ రోజు రెండు టేకులు పాడుచేశాను. డైరెక్టరు వాచీ చూసుకున్నాడు. మూడోసారీ అదే చోట ఆగిపోయాను. అప్పుడు ఎడమ పక్క నుంచి చిన్న దగ్గు, ఆ వెంటనే "తలుపు" అన్న మాట వినిపించాయి. అందుకున్నాను.

"తలుపు గడియ పెట్టనమ్మా, నువ్వెప్పుడొచ్చినా సరే" అని చివరిదాకా చెప్పేశాను. సీను ఓకే అయింది.

నా భ్రమే అనుకున్నాను. ఇంతలో సౌండ్ రికార్డు చేసే అమ్మాయి దగ్గరకొచ్చింది.

"సార్, ప్రాంప్టింగ్ వద్దన్నం గదా. ఎవరో ఆడామె దగ్గింది, మాట గూడ చెప్పింది. ఎవరామె?"

నాకు ఎడమ పక్కన గాజు గోడ తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయి తన హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టింది. అదే దగ్గు. అందరి ముందూ ఏడ్చేశాను. పాత్రలోంచి ఇంకా బయటికి రాలేదనుకుని వాళ్ళు మెచ్చుకున్నారు.

తర్వాత ఆ ముక్క కావాలని అడిగితే, "కట్ చేసి తీసేసినం సార్" అంది.

సుశీల ఆ స్క్రిప్టు చూడలేదు. అది రాసేనాటికే ఆమె లేదు. నేను గదిలో చదువుతుంటే విన్నదా? ఏమో, ఇప్పటికీ నాకు తెలియదు.

ఇప్పుడు వేషాలు బాగానే వస్తున్నాయి. సాయంత్రాలు ఫోటో ముందు కూర్చుని డైలాగులు చదువుతాను. బాగా వచ్చిన మాట దగ్గర కూడా కావాలనే ఆగుతాను. అవతల బోరబండ స్టేషన్‌లో రైలు వచ్చి వెళ్ళిపోతుంది. ఇంకాసేపు చూసి, మిగతాది నేనే చెప్పుకుంటాను.