పీచెంత తిన్నావ్?

మా కొండ ఊరి పోస్ట్‌వుమన్ స్తోయ్నాకు ఒకటే పిచ్చి. "ఇవాళ పీచెంత తిన్నావ్?" అని అడగందే ఎవరి చేతికీ ఉత్తరం ఇవ్వదు. ఆమెతో పదకొండేళ్లు ఒకే పోస్టాఫీసులో పనిచేశాను, నేను కిటికీ వెనక, ఆమె వీధుల్లో. ఆ మాట ఇప్పటికీ కాలరెగరేసి చెప్పుకుంటాను.

రోజుకు పాతిక గ్రాములు ఉండాల్సిందే, ముప్ఫై అయితే మరీ మంచిదని ఆమె లెక్క. గిన్నెడు ఉడికిన చిక్కుడు గింజల్లో పదమూడు, తొక్కతో తిన్న ఆపిల్‌లో నాలుగు. అన్నీ నోటికొచ్చు. "ఉపవాసంలో ఉన్నానమ్మా" అని ఫాదర్ తప్పించుకోబోతే, "మాంసం మానమన్నారు గానీ చిక్కుళ్లేం పాపం చేశాయి ఫాదర్?" అంది. రొట్టెల దుకాణం గెర్గానా ఆమెను చూడగానే జున్ను పెట్టి పొరలు పొరలుగా కాల్చిన బానిత్సా పళ్లెం మీద గుడ్డ కప్పేసేది.

"కప్పు, కప్పు! లోపల మైదా సిగ్గుతో చచ్చిపోతోంది!" అనేది స్తోయ్నా.

నేనొకరోజు, "ముప్ఫై తినేశానక్కా!" అని గొప్పలు పోయాను.

"నిన్నటిదాకా పదే కదరా! ఇలా ఒక్కసారే పెంచితే కడుపు డోలవుతుంది. మెల్లగా పెంచు, నీళ్లు తాగు."

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గరికొచ్చిన వాళ్లంతా ఆ డోలు విన్నారు.

ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని ఎవరో జిల్లా ఆఫీసుకు ఫిర్యాదు రాశారు. గడియారం చూసుకుంటూ ఇన్‌స్పెక్టర్ వెలిజార్ దిగాడు.

"మీ దారి నాలుగు గంటలది. మీకు ఆరు పడుతోంది. ఇవాళ వెంట వస్తాను. కారణం సరిగ్గా లేకపోతే బదిలీయే."

కిటికీ మూసి నేనూ వెంటపడ్డాను.

చివరి ఇల్లు దిమో తాతది.

"ఎంత తాతా?"

"పాతికమ్మాయ్!"

"దేంట్లోంచి?"

"చిక్కుడు గింజల్లోంచి."

"మూడ్రోజులుగా నీ పొగగొట్టంలో పొగే లేదు. పచ్చివే నమిలావా?"

తాత తల దించుకున్నాడు. "ముసల్ది పోయాక, నా ఒక్కడికోసం పొయ్యి రాజెయ్యబుద్ధి కావట్లేదే."

స్తోయ్నా సంచిలో ఉత్తరాల కిందనుంచి ఉడికించిన గింజల సీసా తీసింది. పొయ్యి రాజేసి, ఇన్‌స్పెక్టర్ చేతిలో కత్తి పెట్టింది. "ఉల్లిపాయలు తరగండి సారూ. గడియారం చూస్తే సూపు వేడెక్కదు."

ఆయన కళ్లు తుడుచుకుంటూ తరిగాడు. నలుగురం కూర్చుని తిన్నాం. తాత రెండోసారి వడ్డించుకున్నాడు.

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "ఇలాంటి ఇళ్లు ఎన్ని?"

"ఏడు. 'తిన్నారా?' అంటే అందరూ తిన్నామనే అంటారు సారూ. పరువు కదా! ఎన్ని గ్రాములు, దేంట్లోంచి అని అడిగితే లెక్క కుదరక దొరికిపోతారు."

పదకొండేళ్లు పక్కనే ఉండి ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. అంతటి మనిషి మా పోస్టాఫీసు మనిషి అని ఛాతీ ఉప్పొంగింది.

వెలిజార్ నివేదికలో రెండే వాక్యాలు: "ఈ దారికి ఆరు గంటలు అవసరం. సంచి చిన్నది, సీసాలు పట్టడం లేదు."

ఆరు గంటలకు ఒప్పుకున్నారు గానీ, వారంలో పైనుంచి కోపంగా ఒక కాగితం వచ్చింది: "ఉద్యోగ సమయంలో ఏం సీసాలు?"

జవాబు నేనే రాశాను, ముద్ర గట్టిగా గుద్ది మరీ: "చిక్కుడు గింజలవి."