గేటు పక్కన బోర్డు

ఇది రాయడానికి కారణం ఒక్కటే. నేను పనిచేసిన ఇంటికి కిరాయి కట్టిన మునిసిపల్ ఆఫీసులో ఆ ఇంటి గురించి మిగిలింది ఒక ఫోటో. కొబ్బరికాయ, పూలదండ, నవ్వుతున్న మనుషులు. జరిగింది ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే ఆ ఫోటోనే నిజమైపోతుంది.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా లింగంపల్లి గ్రంథాలయంలోనే. కథల పుస్తకాలు అయిపోయాక చట్టాల పుస్తకాలు పట్టాను. అర్థం కాని పేజీని అర్థమయ్యేదాకా వదిలేదాన్ని కాదు. మనుషుల అక్రమ రవాణా అన్న మాట నాకు అక్కడే తెలిసింది. అలా అమ్ముడుపోయిన మనుషులు తర్వాత నిజాంపేటలో కనిపించారు. పోలీసులు విడిపించిన ఆడపిల్లలను దాచి ఉంచే ఇంట్లో వంటకు మనిషి కావాలంటే చేరాను.

ఆ ఇల్లు హాస్టళ్ల సందులో ఉండేది. అటు కోచింగ్ పిల్లలు, ఇటు సాఫ్ట్‌వేర్ పిల్లలు. మాదీ ఇంకో లేడీస్ హాస్టల్ అనుకునేవారు అందరూ. మావాళ్లు బాల్కనీలో బట్టలు ఆరేసుకున్నా ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. ఎన్ని తాళాలు వేసినా అంత కాపలా దొరకదు.

ఒకమ్మాయి నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఐటీ టవర్‌లో హౌస్‌కీపింగ్ పని ఇప్పిస్తానని ఊరివాడే ఒకడు తీసుకొచ్చి ఆమెను మసాజ్ సెంటర్‌కు అమ్మేశాడు. వాడు బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. కోర్టులో వాడిని చూపించి చెప్పగలిగింది ఆమె ఒక్కతే. వాయిదా వచ్చేదాకా ఆమె ఎక్కడుందో వాడికి తెలియకూడదు.

ఇంతలో చందాలు తగ్గి కిరాయి ఆగిపోయింది. మా ఇన్‌ఛార్జి మేడం గుంటూరు వైపు మనిషి, పట్టు వదలదు. మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మహిళా సంక్షేమం కింద కిరాయి మంజూరు చేయించింది. ఆ రోజు సేమ్యా పాయసం వండాను.

తర్వాత అక్కడి ఇంజనీరు బోర్డు పట్టుకుని వచ్చాడు. నీలం రంగు రేకు మీద ఇంటి పేరు, అందులో ఎవరుంటారో, ఎవరి నిధులో, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. గేటు పక్కన బిగించి ఫోటో తీస్తేనే బిల్లు కదులుతుందట.

"మోరీకైనా గంతే, మీకైనా గంతే మేడం," అన్నాడు. మురుగు కాలువ కట్టినా ఇదే బోర్డు, ఇదే ఫోటో అని.

"మోరీని వెతుక్కుంటూ ఎవరూ రారండి," అంది మేడం.

అతను చెడ్డవాడు కాదు. బోర్డును సందు చివరి పార్కు గోడకు ఆనించి ఫోటో తీసి చూశాడు. ఫోటో తీసిన చోటు మా ఇంటి చిరునామా కాదని ఫోన్‌లోని ఆఫీసు యాప్ తిప్పికొట్టింది. "నేనేం జెయ్యాలె? సాఫ్ట్‌వేర్ తీస్కుంటలేదు," అన్నాడు. ఇంటి యజమాని అప్పటికే సామాన్లు బయట పెడతానంటున్నాడు. ఫోటో అవగానే తీసేద్దామని మేడం ఒప్పుకుంది.

కానీ బోర్డు అన్నాక కొబ్బరికాయ కొట్టాలి కదా. వార్డు నాయకుడు మనుషులతో వచ్చాడు. ఆ ఫోటోలు సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కాయి. తనిఖీకి వస్తారు, బోర్డు ముట్టుకోవద్దని ఇంజనీరు చెప్పి వెళ్లాడు.

వారం తిరక్కుండానే ఒకడు ఆపిల్ పండ్ల సంచితో గేటు దగ్గర నిలబడ్డాడు. ఇది హాస్టల్ అన్నాను.

"బోర్డు మీద రాసి ఉంది గద అక్కా," అన్నాడు నవ్వుతూ. సంచి గేటుకు తగిలించి, "మా చెల్లెకు ఇయ్యి. వాళ్లమ్మ ఒక్కతే ఉంటున్నది, ఫికర్ చెయ్యొద్దు, మేము అర్సుకుంటున్నమని చెప్పు," అన్నాడు.

నన్ను పెద్దమ్మా అనే అమ్మాయి మేడ మీది కిటికీలోంచి అంతా విన్నది. అతను తనను అమ్మినవాడి మనిషేనని చెప్పింది. మేడం పోలీసులకు చెప్పింది. వాళ్లు వచ్చి రాసుకుని పోయారు. సాక్షికి రక్షణ ఇవ్వాలని నియమం ఉందని, గ్రంథాలయంలో చదివానని నేను మేడంకు చెప్పాను. దరఖాస్తు కూడా పెట్టాం. ప్రస్తుతం దానికి నిధులు లేవన్నారు.

వాయిదా రోజు బోనులో నిలబడి అమ్మాయి వాడిని చూసింది. ఎవరో తెలియదని చెప్పింది. బయటికి వచ్చాక నా కొంగు పట్టుకుని, "మా అమ్మ ఒక్కతే ఉంటది పెద్దమ్మా," అంది. ఆమె ఊరి బస్సెక్కింది. ఆ తర్వాత కబురు లేదు.

కిరాయి బిల్లు ఆ నెలే పాసైంది. అయితే చిరునామా బయటపడ్డ ఇంట్లో మిగతావాళ్లను ఉంచలేక తలా ఒక చోటికి పంపి, ఖాళీ చేశాం. ఇప్పుడది నిజంగానే లేడీస్ హాస్టల్. బోర్డు ఇంకా గేటు పక్కనే ఉంది.

సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాలి. మూసే వేళ దాటినా లైటు ఆర్పకుండా కూర్చున్న గ్రంథాలయం అటెండరుకు. కాళ్లరిగేలా తిరిగిన మేడంకు. పార్కు గోడ దగ్గర ఒకసారి ప్రయత్నించి చూసిన ఆ ఇంజనీరుకు కూడా. నన్ను పెద్దమ్మా అన్న అమ్మాయికి. పేర్లు పెట్టి చెప్పడమే మర్యాద. కానీ పేరు రాసి గోడకు తగిలిస్తే ఏమవుతుందో చూశాను. అందుకే రాయడం లేదు.