మా వదిన పంపిన సున్నాలు

మా వదిన సంతోషకుమారిని పొద్దున్న ఏడింటికి చూసినా, ఉద్యోగానికి వెళ్తున్న మనిషిలా ఉండదు. ఉద్యోగం నుంచి తిరిగొస్తున్నట్టే ఉంటుంది. నలభై ఏడేళ్ళు ఆవిడకి. ఈ దీవిలో డిగ్నాబాద్ అనే పేటలో, మా పక్క వాటాలోనే కాపురం. మా అన్న ఓడల మీద వంటవాడు, నెలలో పది రోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. అందుకని వదిన మంచీచెడ్డా అన్నీ నా చెవినే పడతాయి. నా పేరు నాన్సీ, బడి ఆఫీసులో పని చేస్తాను.

జంగ్లీఘాట్ రేవు అవతల ఒక పెద్ద కంపెనీ ఓడలు ఆగే జెట్టీని పొడిగిస్తోంది. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ. అలాంటి కంపెనీలు తమ లాభనష్టాలతో పాటు, చుట్టుపక్కల జనాన్నీ నీళ్ళనీ నేలనీ ఎలా చూసుకున్నాయో కూడా ఏటా ఒక పుస్తకంలో అందరికీ చెప్పుకోవాలట. అందులో ఒక గడి ఉంటుంది: స్థానికుల నుంచి వచ్చిన ఫిర్యాదులు ఎన్ని? ఆ గడి నింపడానికి పెట్టుకున్న మనిషి మా వదిన. తెలుగు, హిందీ రెండూ వచ్చు గదా అని తీసుకున్నారు. రేకుల గది, ఫ్యాను, ఫారాల కట్ట, ఆవిడ. అదే ఆఫీసు.

నాలుగేళ్ళు వరసగా ఆ గడిలో సున్నా వేసి చెన్నై హెడ్డాఫీసుకి పంపింది. చెన్నైవాళ్ళు మురిసిపోయి సర్టిఫికెట్ పంపారు. ఆ సర్టిఫికెట్ ఫ్రిజ్ మీద ఉంది. దాని మీద పప్పుల డబ్బా ఉంది.

"ఒక్కళ్ళూ రారా వదినా?" అని ఒకసారి అడిగాను.

"రాకేం? జాలరోళ్ళు వస్తూనే ఉంటారు. చేపలు పట్టుకొస్తారు. వద్దు, కంపెనీ రూలు ఒప్పుకోదంటే వెళ్ళిపోతారు. మంచోళ్ళు పాపం."

ఆ రూలు నిజమే. బయటివాళ్ళ దగ్గర ఉద్యోగులు ఏదీ పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే రాసి తెలపాలి.

మొన్న మార్చిలో ఒక శనివారం ఇద్దరం చేపలకని రేవుకి వెళ్ళాం. అక్కడ గురువమ్మ అనే ముసలావిడ దగ్గర పార చేపలు నిగనిగలాడుతున్నాయి. ఆవిడవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. వదిన ఒక చేప మీద చెయ్యి వేసిందో లేదో, గురువమ్మ బుట్ట వెనక్కి లాక్కుంది.

"నీకమ్మను, దీదీ."

"ఏం పిన్నీ, నేనేం చేశాను?"

"నాలుగు తడవలు నీ ఆఫీసుకి సేప అట్టుకొచ్చినాను. నాలుగు తడవలూ తిప్పి పంపేసినావు. మావు ఉత్త సేతుల్తో ఒకరి గుమ్మం తొక్కం. సేప అందుకుంటే సెప్పుకోమని. వొద్దంటే నీ గోడు నాకొద్దు, పొమ్మని. అంతే, ఎలిపోనాం. మల్లీ ఏటి సెప్పమంటావు?"

వదిన ముఖం పాలిపోయింది. ఉత్త సంచితోనే వెనక్కి వచ్చాం. ఇంటి మెట్ల దగ్గర, "నాన్సీ, నేను పంపింది సున్నాలు కాదే" అని అక్కడే కూలబడిపోయింది. ఆవిడ తప్పు చేయలేదు. నవ్వుతూ, మర్యాదగా, రూలు ప్రకారం నాలుగేళ్ళు అందరినీ గెంటేసింది.

సోమవారం తనే కబురు పెట్టింది. గురువమ్మ చేపతో వచ్చింది. వదిన రెండు చేతులా అందుకుంది. ముసలావిడ మొదటిసారి ఆ గదిలో కుర్చీలో కూర్చుని గంటసేపు చెప్పింది. కంపెనీ మిషన్లు సముద్రంలోంచి తోడిన బురదంతా ఒడ్డున పోస్తున్నారు. పోటు దాన్ని రేవులోకి తెచ్చి వదులుతోంది. ఇదివరకు డింగీలనే చిన్న పడవలు ఇసుక దాకా వచ్చేవి. ఇప్పుడు నీళ్ళు వెనక్కి తీసే పాటు సమయంలో దూరంగానే కూరుకుపోతున్నాయి. ఆడవాళ్ళు బురదలో దిగి బుట్టలు మోసుకు రావాలి. గురువమ్మ కోడలు దుర్గ అందులోనే జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎనిమిది నెలలుగా మంచంలో ఉంది. మే నెల వానలు పడేలోగా ఆ బురద తీయించండి, అంతే చాలు అని వేలిముద్ర వేసింది.

ఆ సాయంత్రం చేప వేపుకుని తిన్నాక వదిన మా బల్ల మీదే ఆ కాగితం శుభ్రంగా రాసింది. చివర్న ఇంకో వాక్యం చేర్చింది: ఫిర్యాదుదారు నుంచి సుమారు కిలో బరువున్న ఒక పార చేప తీసుకున్నాను.

నాకు ఒళ్ళు మండింది. "నీకేమైనా పిచ్చా వదినా? తిన్న చేప ఎవరికి తెలుస్తుంది? కొట్టెయ్ ఆ ముక్క."

"తీసుకున్నదాన్ని తీసుకోలేదని ఎలా పంపను? నాలుగేళ్ళు తెలియక అబద్ధం పంపాను. ఇప్పుడు తెలిసి పంపలేను."

అక్కడితో నేను నోరు మూసుకున్నాను. మూసుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

పది రోజులకి చెన్నై నుంచి వీడియో కాల్. ముగ్గురు పెద్దమనుషులు. బురద గురించి ఒక్కరూ అడగలేదు. చేప గురించి ముగ్గురూ అడిగారు. ఎందుకు తీసుకున్నావు, ఫిర్యాదు రాస్తానని చెప్పి తీసుకున్నావా, ఇదివరకు ఎన్ని తిన్నావు? చివరికి తేల్చిందేమిటంటే, కానుక పుచ్చుకుని రాసిన ఫిర్యాదు చెల్లదు. ఆ మధ్యాహ్నమే వదినకి మెమో ఇచ్చి, హెల్మెట్లూ గమ్‌బూట్లూ ఉండే స్టోరుకి మార్చారు. రేకుల గదికి తాళం పడింది.

అయినా వదిన ఊరుకోలేదు. గురువమ్మ దగ్గరికి వెళ్ళి, "ఇంకోసారి జెట్టీ ఆఫీసుకి రా పిన్నీ. ఉత్త చేతుల్తో రా. అక్కడి పెద్దసారుకి కాగితం ఇద్దువుగాని, అప్పుడే మీ మాట కంపెనీ బుక్కులో ఎక్కుతుంది" అని బతిమాలింది.

"ఉత్త సేతుల్తో అడుక్కునేవోల్లు ఎల్తారు, దీదీ. నాను ఎల్లను" అంది గురువమ్మ.

మేలో వానలు పడ్డాయి. బురద అక్కడే ఉంది.

ఆగస్టులో కంపెనీ పుస్తకం నెట్‌లోకి వచ్చింది. మూడు వందల పేజీలు. అట్ట మీద నీలం సముద్రం, నవ్వుతున్న జాలరి. బడి కంప్యూటర్లో వెతికి వెతికి కావలసిన పేజీ పట్టుకుని వదినకి చదివి వినిపించాను. స్థానికుల నుంచి వచ్చిన ఫిర్యాదులు: సున్నా. ప్రవర్తనా నియమాలు మీరి చర్యకు గురైన ఉద్యోగులు: ఒకరు.

వదిన ఏడవలేదు. చున్నీ సర్దుకుని, "పద, ఆవిడకి నేనే చెప్పాలి" అంది. పోనీలే, వాళ్ళెలాగూ చదవరు కదా అన్నాను. నా మాట వినిపించుకోలేదు.

మేం వెళ్ళేసరికి రేవులో నీళ్ళు వెనక్కి తగ్గి ఉన్నాయి. దూరంగా డింగీలో గురువమ్మ కొడుకు పైడిబాబు, రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. గురువమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకుంటోంది. వదినని చూసి ఆగింది.

"మా మాట ఎక్కినాదేటి బుక్కులో?"

"లేదు పిన్నీ. మీవి సున్నా అనే వేశారు. తప్పు చేసినవాళ్ళు ఒకరని వేశారు. ఆ ఒకరు నేనే."

గురువమ్మ ఆవిడ వంక చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆ ముఖంలో లేదు.

"అయితే ఈ ఏడు కూడా మావు సుకంగా ఉన్నట్టేనేటి?"

"అవును పిన్నీ. ఉన్నట్టే."

"సరే మరి" అని గురువమ్మ ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, కొడుకు వైపు మోకాలి లోతు బురదలోకి దిగింది.