గాలిమర కింద బంతి

నేను చెప్పే మాటల్ల సగం అబద్ధమని మా షిఫ్టుల అందరికీ తెలుసు. ఏ సగమో మాత్రం ఎవ్వలకూ తెల్వదు. గని సంపు నీళ్లల్ల మూరెడు చేపను పట్టి, బొగ్గుతోటి కలిపి బెల్టు మీద పైకి పంపిన్నని ఒకపారి చెప్పిన. నేను పాట పాడితే గని ఎలుకలు టిఫిను గిన్నెలు ముట్టవని ఇంకోపారి చెప్పిన. ఇరువై ఎనిమిదేండ్లు భూమి కింద పనిచేసేటోనికి ఎండ లేదు, గాలి లేదు. నోరన్నా ఆడాలె గద.

ఇది మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్న. నమ్మకపోయినా నాకు ఫికర్ లేదు, అలవాటే.

మా దగ్గర ఒక పద్ధతి ఉన్నది. గనిల దిగేటోడు ఇక పనికి రాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, వాన్ని ఇంటికి పంపి వాని కొడుక్కు కొలువు ఇస్తరు. దాన్నే అన్‌ఫిట్ అంటం. బయట లోకంల అది తిట్టు, మా కాలనీల దీవెన. "మీ ఆయన అన్‌ఫిట్ అయిండట గద అక్కా" అని నల్లా కాడ ఎవరన్నా అడిగితే, ఆ ఇంటామె కొత్త పెండ్లికూతురు లెక్క సిగ్గుపడ్తది.

మా కొడుక్కు ముప్పైకి దగ్గరవడ్డది. డిప్లొమా చదివి, ఫొటోస్టాట్ దుకాణంల కొన్నాళ్లు, సెల్‌ఫోన్ల దుకాణంల కొన్నాళ్లు చేసి, ఇంట్లనే ఉంటుండు. వాని ఆశంతా నా నడుము మీదనే. నా నడుము నిజంగనే పోయింది. ఎన్నడో ఒక బండ జారి వీపు మీద పడ్డప్పటి సంది, పొద్దుగాల మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలె. ఉన్న నొప్పికి నేను కొంచెం ఉప్పుకారం కూడా కలిపిన. ఇంట్ల నాలుగు వేళ్లు వంగితే బజార్ల జానెడు వంగిన. బోర్డుకు పిలుపు వచ్చింది.

దానికి పది రోజుల ముందట ఒక ఆదివారం, గోదావరిఖనిల కొత్తగ తెరిచిన ఆటల సెంటర్‌కు కొడుకే తీసుకపోయిండు. "రేపు డ్యూటీల పడితే నాకు టైం దొరకది బాపూ, అమ్మను ఒక్కసారన్నా తిప్పుదాం" అన్నడు. కింద పిల్లలు ఎగిరే జాలీలు, మేడ మీద పచ్చటి కార్పెట్ పరిచి మినీ గోల్ఫ్. వంకర కట్టెతోని చిన్న బంతిని కొట్టి గుంతల వెయ్యాలె, అంతే ఆట. ఆఖరి గుంత కాడ మనిషెత్తు గాలిమర పెట్టిన్రు. రెక్కలు తిరుగుతుంటయి, కింద తలకాయ పట్టేటంత సొరంగం. రెక్క తాకకుంట బంతి సొరంగంల దూరి, అవుతల గుంతల పడాలె.

నేను నడుముకు బెల్టు కట్టుకోని బల్ల మీద కూసున్న. కూసున్నోన్ని ఊకుంటే అయిపోతుండె. జ్యోతినగర్ నుంచి వచ్చిన ఇంజనీరు సారు ఒకాయన పెండ్లాం పిల్లల ముందట ఆరుసార్లు కొట్టి ఆరుసార్లూ రెక్కకు తాకిచ్చిండు.

"సార్, కుడి పక్క డిప్పున్నది. జర ఎడమకు కొట్టాలె" అన్న.

"డిప్పంటే?"

"పల్లం సార్. గనిల మాట."

"మీకు గోల్ఫ్ కూడా వచ్చా కాకా?" అన్నడు. ఆయన పెండ్లాం మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

ఆ చెయ్యే నన్ను లేపింది. "మా నాయిన తెల్లదొర కాడ కట్టెల సంచి మోసిండు సార్. మా నాయినకు జ్వరమొస్తే దొర ఆట బంద్ పెట్టేటోడు" అన్న. మా నాయిన మేకలు కాసిండు. మా ఆమె నా మోచెయ్యి గిచ్చింది.

"అయితే ఒకసారి కొట్టి చూపించండి" అని ఆయన కట్టె నా చేతుల పెట్టిండు.

ఇగ నన్ను ఆపేదెవరు. మా ఆమె సంచిలకెల్లి నీళ్ల సీసా తీసి, మూతెడు నీళ్లు కార్పెట్ మీద పోసిన. గనిల నీళ్లెటు పారితే పల్లం అటే, చూపును నమ్మద్దు, నీళ్లను నమ్మాలె. సెంటర్ పిల్ల "అంకుల్, తడవద్దు" అని ఉరికొచ్చింది. అప్పటికే నేను బెల్టు ఇప్పి, బోర్లా పండుకోని, సొరంగంల తలకాయ పెట్టి చూస్తున్న. మూడడుగుల బొగ్గు పొరల పాకినోనికి ఇదొక లెక్కనా. లేచి, రెండు రెక్కల నడుమ సందు చూసి కొట్టిన. బంతి సొరంగంల దూరింది, అవుతలి గోడకు తాకి, తిరిగి, గుంతల పడ్డది.

నేను కట్టె భుజాన ఏసుకోని నాలుగు చిందులు తొక్కిన. నొప్పి ఏడికి పోయిందో తెల్వదు. ఇంటికొచ్చినంక రెండింతలు వచ్చింది, అది వేరే. మా ఆమె కొంగు నోట్ల కుక్కుకోని, కండ్లెంబడి నీళ్లొచ్చేదాంక నవ్వింది. అట్ల నవ్వంగ నేను చూసి పదేండ్లయితది. కొడుకు అంతా వీడియో తీసిండు.

"బాపూ, నీకు పంపిన. ఎవ్వలకూ చూపియ్యకు, బోర్డు దాటనీ."

"నేనేమన్న పిచ్చోన్నారా" అన్న.

మరునాడు షిఫ్టుల పంపు ఫిట్టర్‌కు చెప్పిన. ఇరువై ఏండ్ల దోస్తు. ఇంట్ల దక్నీ ఉర్దూ, నాతోని తెలుగు.

"నీ మాట సగం తీసేసి, మిగిలింది కడిగి వింట భాయ్" అన్నడు. "గోల్ఫా? నువ్వా? నీ నడుము ఏడ పెట్టి పోయినవ్, క్వార్టర్ల గోడ మొలకు తగిలిచ్చినవా?"

చుట్టున్నోళ్లు నవ్విన్రు. రోజూ నవ్వుతరు, రోజూ నేనూ నవ్వుత. ఆ రోజు మాత్రం సురుక్కుమన్నది. జిందగీల మొదటిసారి నా కాడ సాక్ష్యమున్న ముచ్చట ఉన్నది. షిఫ్టు అయి పైకి రాంగనే, నీకొక్కనికే అని వానికి వీడియో పంపిన. వాడు చెడ్డోడు కాదు. "మావోడు ఈసారి నిజం చెప్పిండురా" అని సంబురంగ నలుగురికి చూపిచ్చిండు. ఆ నలుగురు ఇంకెందరికి పంపిన్రో అడగలె. మొదలు పంపినోన్ని నేనే.

బోర్డుల డాక్టరు నన్ను వంగుమన్నడు. వంగబోతే పానం పోయినంత పనయింది. అండ్ల ఉప్పుకారం లేదు. ఆయన ఫోను నా దిక్కు తిప్పి, "ఇది మీరేనా?" అని అడిగిండు. వీడియోల నేను బోర్లా పండుకున్న, లేచిన, చిందు తొక్కిన. ఎన్క మా ఆమె నవ్వు. "నేనే సార్" అన్న. నాకు చెప్పరాని నిజం అదొక్కటే ఉండె, అదే చెప్పిన. ఫిట్ అని రాసిండు.

కొడుకు నాతోని మాట బంద్ చేసిండు. బామ్మర్ది వచ్చి కుర్చీల కూసోని, "పోరని బతుకు బంతాట ఆడినవ్ బావా" అన్నడు. వాకిట్ల ఇరుగుపొరుగు నిలవడి చూస్తున్నరు. అందరి కండ్లు నా మీదుంటే నా నోరు నా మాటినదు.

"కావాలనే పంపిన" అన్న. "నేను తిన్న దుమ్ము వాడు తినద్దని పంపిన. నేను అన్‌ఫిట్ అయితే వాడు దిగుతడు. వాడు దిగద్దనే నేను దిగుతున్న."

ఒక ముసలాయన తువ్వాలతోని కండ్లు తుడుచుకున్నడు. నా ఉమర్ల నేను చెప్పిన అబద్ధాలన్నిట్ల అంత నున్నటిది లేదు. మా ఆమె చాయ గ్లాసులు పట్టుకోని తలుపుల నిలవడి ఉన్నది. ఆ సోమవారం ఇంటికొచ్చి, వీడియో పంపి ఫిట్టర్ నోరు మూయిచ్చిన్నని ఆమెకు చెప్పింది నేనే. గ్లాసులు కింద పెట్టి లోపలికి పోయింది.

ఆ మాట కాలనీ అంతా తిరిగి, వారంల మా కొడుకు చెవిల పడ్డది. అన్నం కాడ అడిగిండు. "బాపూ, నా కోసమే చేసినవట గద."

అప్పుడన్నా చెప్పాలె. నువ్వు తీసిన వీడియో నలుగురు నవ్విన్రని పంపిన్నని చెప్పాలె. "అవ్ బిడ్డా" అన్న.

ఇప్పుడు వాడు భూమి పైకెల్లే తవ్వే ఓపెన్‌కాస్టుల కాంట్రాక్టరు కింద నీళ్ల ట్యాంకరు నడుపుతుండు. లారీలు తిరిగే తొవ్వల మీద దుమ్ము లేవకుంట నీళ్లు కొట్టుడు వాని పని. అదే బొగ్గు, అదే దుమ్ము, వాని పేరు మాత్రం కంపెనీ హాజరు పుస్తకంల లేదు. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికే. అయినా ఎవరన్నా అడిగితే "మా బాపు నన్ను గనిల దిగనియ్యలే అన్నా" అని చెప్తడట. నేను మొదటి షిఫ్టు చేసొచ్చి మంచంల పడితే, వాడు వచ్చి వీపుకు జండూబాం రాస్తడు. వాని అరచేతులు గరుకుదేలినయి.

"ఈడనేనా బాపూ?"

"జర కిందికి."

"ఇంత నొప్పి పెట్టుకోని నా కోసం దిగుతున్నవ్" అంటడు.

మా ఆమె వంటింట్ల గిన్నెలు కడుగుతుంటది. వాడు ఆ మాట అన్నప్పుడల్లా గిన్నెల సప్పుడు ఆగుతది, నేనేమంటనో అని. నేను గోడ దిక్కు తిరిగి "ఊ" అంట.